కూర్చుని భాగిస్తే కొండలైనా కరుగుతాయి!

ఒక పెన్ను తీసుకోండి. ఒక తెల్ల కాగితం తీసుకోండి. ఫోన్‌ని పక్క గదిలో పెట్టి రండి. కాల్‌క్యులేటర్ కూడా అందులోనే ఉంది కదా, ఇవాళ దానికి సెలవు.

కాగితం మధ్యలో ఈ సంఖ్య రాయండి: 494001.

నాలుగు లక్షల తొంభై నాలుగు వేల ఒకటి. ఇప్పుడు ఒక ప్రశ్న. దీన్ని శేషం లేకుండా ఏయే సంఖ్యలతో భాగించవచ్చు?

ఆగండి. మీ మనసులో ఇప్పుడు మెదిలిన మొదటి మాట ఏమిటి? "అమ్మో, లెక్కలా? నా వల్ల కాదు" అనేనా? ఆ మాట సరిగ్గా పట్టుకోండి. ఇవాళ్టి పాఠం ఆ మాట గురించే. గ్రూప్-2 సిలబస్ చూసినప్పుడు, ఇంటి అప్పు లెక్కేసుకున్నప్పుడు, పది కిలోలు తగ్గాలని డాక్టర్ చెప్పినప్పుడు మీలో పలికేది కూడా అదే గొంతు.

పెద్దది కనబడగానే వెనకడుగు వేయడం ఒక అలవాటు. విడదీసి చూడటం ఇంకో అలవాటు. రెండోది నేర్చుకోవచ్చు. ఈ వ్యాసం పూర్తయ్యేలోపే మీరు నేర్చుకుంటారు.

ఈ సంఖ్య ఎక్కడిది?

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతానికి పెద్ద పట్టణం జగదల్‌పూర్. దాని పిన్‌కోడ్ 494001.

మన దేశంలో పిన్‌కోడ్ పద్ధతి 1972 ఆగస్టు 15న మొదలైంది. దాన్ని రూపొందించింది శ్రీరామ్ భికాజీ వేలంకర్. కేంద్ర కమ్యూనికేషన్ల శాఖలో అధికారి, సంస్కృత కవి కూడా. దేశంలో ఒకే పేరున్న ఊళ్లు బోలెడు. చిరునామాలు రకరకాల భాషల్లో, లిపుల్లో. ఉత్తరాల కుప్ప కొండంత. ఆయన ఏం చేశారు? ఆ కొండను ఆరు అంకెలుగా విడదీశారు.

- మొదటి అంకె 4: మహారాష్ట్ర, గోవా, మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్‌లున్న మండలం. మన తెలుగు రాష్ట్రాలది 5.
- మొదటి మూడు అంకెలు 494: ఉత్తరాలు వేరుచేసే జిల్లా. బస్తర్ ప్రాంతపు ఊళ్లన్నీ దీని కిందికే వస్తాయి.
- చివరి మూడు అంకెలు 001: పోస్టాఫీసు.

చూశారా? ఈ సంఖ్య పుట్టుకే ఒక విభజన. పెద్ద పనిని చిన్న నిర్ణయాలుగా మార్చిన మనిషి చేతిలో పుట్టింది. ఇప్పుడు దీన్ని మనం మన పద్ధతిలో విడదీద్దాం.

ముందు సంతకు వెళ్దాం

బస్తర్‌లో వారపు సంతను హాట్ అంటారు. చింతపండు, ఇప్పపువ్వు, అడవి దుంపలు నేల మీద చిన్న చిన్న కుప్పలుగా పోసి అమ్ముతారు. ఆ కుప్పల్లోనే మన లెక్కంతా ఉంది.

మీ దగ్గర 12 మామిడికాయలున్నాయి అనుకోండి. మూడేసి చొప్పున నాలుగు కుప్పలు పెట్టొచ్చు. రెండేసి చొప్పున ఆరు పెట్టొచ్చు. ఒక్కటీ మిగలదు. అలా మిగలకుండా పంచే సంఖ్యలే కారణాంకాలు.

మరి 13 కాయలుంటే? రెండేసి పెట్టినా, మూడేసి పెట్టినా, నాలుగేసి పెట్టినా ఏదో ఒకటి మిగులుతుంది. సమానంగా కుప్పలు పడవు. అలాంటివి ప్రధాన సంఖ్యలు.

ఇందులో తెలుగువాడికి పరాయితనం ఏమీ లేదు. బస్తర్‌లో వినబడే గోండి మన తెలుగుకు చుట్టం. వాళ్లు రండ్, మూండ్, నాలుంగ్ అంటారు. మనం రెండు, మూడు, నాలుగు అంటాం. లెక్కపెట్టడం అందరి ఇంటి విద్యే. "నాకు లెక్కలు రావు" అనేది మీకు ఎవరో తగిలించిన లేబుల్. ఇవాళ దాన్ని పీకేయండి.

స్టెప్ 1: సులువైనదాంతో మొదలుపెట్టండి

494001. చివరి అంకె చూడండి. 1. సరి సంఖ్య కాదు కాబట్టి 2 పోదు. చివర 0 గానీ 5 గానీ లేదు కాబట్టి 5 పోదు. రెండు సెకన్లలో రెండు ప్రశ్నలకు జవాబు దొరికింది.

ఇప్పుడు అంకెలన్నీ కూడండి. 4+9+4+0+0+1 = 18. 18ని 9 భాగిస్తుంది. కాబట్టి మొత్తం సంఖ్యనూ 9 భాగిస్తుంది!

ఎందుకంటారా? 10ని 9తో భాగిస్తే 1 మిగులుతుంది. 100ని భాగించినా 1. వెయ్యిని భాగించినా 1. అంటే ఏ స్థానంలో ఉన్న అంకె అయినా తనంత శేషాన్నే వదులుతుంది. ఆ శేషాలన్నీ కూడితే సరిపోతుంది.

494001 ÷ 9 = 54889.

ఒక్క అడుగు. సంఖ్య తొమ్మిదో వంతుకు దిగింది.

మీ పనిలోనూ ఇలాంటి 9 ఒకటి ఉంటుంది. తేలిగ్గా ఊడివచ్చే భాగం. సిలబస్‌లో మీకు సగం తెలిసిన చాప్టర్. అప్పుల్లో అన్నిటికన్నా చిన్నది. ముందు దాన్ని తీసేయండి. మొదటి విజయం చేతికి వస్తే మనసు మాట వింటుంది.

స్టెప్ 2: పాత సంఖ్యను మరిచిపోండి

ఇప్పుడు మీ ముందున్నది 494001 కాదు. 54889.

చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. ఒక భాగం పూర్తయ్యాక కూడా మొదటి రోజు చూసిన పెద్ద సంఖ్యనే తలుచుకుని బెంగపడతారు. "ఇంకా ఎంతో ఉంది" అనుకుంటారు. వద్దు. కాగితం మీద పాత సంఖ్యను కొట్టేయండి. కొత్తది పెద్దగా రాయండి. మీ పోరాటం మిగిలినదాంతోనే.

54889 అంకెల మొత్తం 34. కాబట్టి ఇక 3 పోదు. చివర 9 కాబట్టి 2, 5 పోవు. తేలికైనవి అయిపోయాయి. అసలు ఆట ఇప్పుడు మొదలు.

స్టెప్ 3: ఎక్కడ ఆగాలో ముందే గీత గీయండి

54889 కోసం ఎన్ని సంఖ్యలు ప్రయత్నించాలి? యాభై వేలా? అక్కర్లేదు.

కారణాంకాలు జంటగా వస్తాయి. ఒకటి పెద్దదైతే రెండోది చిన్నది. 234 × 234 = 54756. 235 × 235 = 55225. రెండూ 234 కంటే పెద్దవైతే లబ్ధం కనీసం 55225 అవుతుంది, అంటే మన సంఖ్యను దాటిపోతుంది. కాబట్టి ఆ జంటలో ఒకటి 234 లోపే దొరకాలి. అక్కడిదాకా ఏదీ దొరకకపోతే, ఈ సంఖ్య విడిపోదని తేలినట్టే.

ఇంకో సులువు. 7 పోకపోతే 14 పోదు, 21 పోదు, 28 పోదు. అంటే ప్రధాన సంఖ్యలను చూస్తే చాలు. 7 నుంచి 233 దాకా అవి ఎన్ని? సరిగ్గా 48.

యాభై వేలనుకున్నది నలభై ఎనిమిదికి దిగింది! ఒక్కో భాగహారానికి నిమిషం చొప్పున వేసుకున్నా గంట కూడా పట్టదు.

పని మొదలుపెట్టే ముందు గీత గీయండి. "ఎంతకాలమైనా చదువుతా" అనకండి. "ఈ 48 టాపిక్‌లు, ఈ 48 రోజులు" అనండి. హద్దు ఉన్న పనికి మనసు భయపడదు. హద్దు లేని పనికే భయపడుతుంది.

స్టెప్ 4: ఇరవై ఎనిమిది సార్లు "కాదు" వినండి

ఇక మొదలుపెట్టండి.

- 7తో: 2 మిగిలింది. కాదు.
- 11తో: 10 మిగిలింది. కాదు.
- 13తో: 3 మిగిలింది. కాదు.
- 17తో: 13 మిగిలింది. కాదు.
- 19తో: 17 మిగిలింది. ఇంకో రెండుంటే పోయేది. అయినా కాదు.

23, 29, 31, 37, 41, 43... అన్నీ కాదనేవే. 47 దగ్గర 40 మిగులుతుంది. 71 దగ్గర 6. 97 దగ్గర 84.

107 దగ్గర చూడండి. శేషం 105. మళ్లీ రెండే తక్కువ! ఊరిస్తుంది. "దాదాపు వచ్చేసింది కదా, వచ్చినట్టే అనుకుందాం" అనిపిస్తుంది. అనుకోకండి. భాగహారంలో "దాదాపు" అనే మాట లేదు. ఇంటర్వ్యూలో రెండు మార్కులతో పోయిన ఉద్యోగం లాంటిదే ఇది. బాధ ఉంటుంది, ఉండనివ్వండి. పెన్ను మాత్రం కింద పెట్టకండి.

109: 62 మిగిలింది. 113: 84 మిగిలింది. 127: 25 మిగిలింది.

ఇప్పటికి మీరు 28 సార్లు ఓడిపోయారు. చేయి నొప్పి. కాగితం నిండింది. 127 దగ్గర వచ్చిన 25ని చూస్తే, విజయం దగ్గర్లో ఉందనే సూచన ఏమైనా ఉందా? ఏమీ లేదు.

ఇక్కడే ఎక్కువమంది లేచి వెళ్లిపోతారు. మీరు వెళ్లరు. ఇంకొక్కటి చేయండి. 131.

131 × 419 = 54889.

శేషం సున్నా!

ఇరవై తొమ్మిదో ప్రయత్నం. దాని ముందు ప్రయత్నం ఏ కబురూ పంపలేదు. తలుపు తెరుచుకునే ముందు కిర్రుమనలేదు. గెలుపు దగ్గరపడిందా లేదా అని శేషాలను చూసి జాతకం చెప్పుకోవడం దండగ. చేయాల్సింది వరసలో తర్వాతి సంఖ్యను తీసుకోవడమే.

స్టెప్ 5: మీ ఓటములకు రసీదు తీసుకోండి

ఇప్పుడు అసలైన ఆనందం.

494001 = 3 × 3 × 131 × 419.

131 ప్రధాన సంఖ్య. మరి 419? దాన్ని మళ్లీ 7తో, 11తో, 13తో భాగించి చూడాలా?

అక్కర్లేదు! ఒక్కసారి ఆలోచించండి. 419ని 7 భాగిస్తే, అది 54889ని కూడా భాగించాలి. కానీ 7 పోదని మీరు ఎప్పుడో తేల్చేశారు. 11 పోదనీ తేల్చారు. 127 దాకా ప్రతిదీ తేల్చారు. ఇక 131, ఆపైవి మిగిలాయి. అలాంటివి రెండు గుణిస్తే కనీసం 17161. అది 419 కన్నా ఎంతో పెద్దది. కాబట్టి 419 విడిపోదు. అది ప్రధాన సంఖ్య. నిరూపణ పూర్తయింది.

ఎవరు నిరూపించారు? మీ 28 ఓటములు నిరూపించాయి.

ఆ ఇరవై ఎనిమిది భాగహారాలూ వృథా అనుకున్నారు కదా? అవి లేకపోతే 419 దగ్గర మళ్లీ మొదటి నుంచి వెతకాల్సి వచ్చేది. రాసి పెట్టుకున్న ఓటమి రేపటి పనిని తగ్గిస్తుంది. రాసుకోని ఓటమి గుండెలో గుబులుగా మాత్రమే మిగులుతుంది.

అందుకే ఒక నోట్‌బుక్ పెట్టండి. ప్రతి విఫల ప్రయత్నానికి ఒక్క లైను. తేదీ, ఏం ప్రయత్నించారు, ఎంత మిగిలింది. అంతే. తిట్టుకోవడాలు, ఏడుపులు అందులో వద్దు. 7: శేషం 2. అదీ పద్ధతి.

పక్కవాడి సంఖ్యతో పోల్చుకోకండి

జగదల్‌పూర్ నుంచి దక్షిణానికి బస్సెక్కితే సుక్మా, కుంట దాటి మన భద్రాచలం వస్తుంది. 30వ నంబరు జాతీయ రహదారి. భద్రాచలం పిన్‌కోడ్ 507111. దీన్నీ విడదీయండి.

అంకెల మొత్తం 15. కాబట్టి 3 పోతుంది. మిగిలేది 169037.

ఇప్పుడు 11 కిటుకు. అంకెలను ఒకటి విడిచి ఒకటి కూడండి: 1+9+3 = 13. మిగిలినవి కూడండి: 6+0+7 = 13. రెండూ సమానం. కాబట్టి 11 పోతుంది. మిగిలేది 15367. మళ్లీ చూడండి: 1+3+7 = 11, 5+6 = 11. మళ్లీ 11 పోయింది! మిగిలేది 1397. 1+9 = 10, 3+7 = 10. ముచ్చటగా మూడోసారి 11! మిగిలేది 127. అది ప్రధాన సంఖ్య.

507111 = 3 × 11 × 11 × 11 × 127.

రెండు నిమిషాల్లో పని అయిపోయింది. రెండూ ఆరంకెల సంఖ్యలే. ఒకటి అరగంట తీసుకుంది, ఇంకొకటి వెంటనే ఒదిగింది.

మీ క్లాస్‌మేట్ మొదటి అటెంప్ట్‌లో ఉద్యోగం కొట్టాడా? అతనిది భద్రాచలం సంఖ్య అయి ఉండొచ్చు. మీది జగదల్‌పూర్ సంఖ్య. పైనుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. లోపల కట్టుబడి వేరు.

ఇంకో చమత్కారం గమనించారా? జగదల్‌పూర్ దగ్గర చిట్టచివరిసారి "కాదు" అన్నది 127. అదే 127 భద్రాచలం దగ్గర "ఔను" అంది. ఒకచోట పనికిరాని నైపుణ్యం ఇంకోచోట తాళంచెవి అవుతుంది. పారేయకండి.

భద్రాచలం నేర్పే అలవాటు ఇంకొకటుంది. ఒకసారి పనిచేసినదాన్ని మళ్లీ ప్రయత్నించండి. 11 ఒకసారి పోగానే చాలామంది 13కి వెళ్లిపోతారు. ఉదయం ఐదింటికి లేచి చదివితే బుర్రకెక్కిందా? రేపూ ఐదింటికే లేవండి. ఎల్లుండీ లేవండి. మూడోసారి కూడా పోతుంది!

స్టెప్ 6: మిమ్మల్ని మీరు లెక్కలో కలుపుకోండి

494001ని శేషం లేకుండా భాగించే సంఖ్యలన్నీ రాద్దాం. మొత్తం 12:

1, 3, 9, 131, 393, 419, 1179, 1257, 3771, 54889, 164667, 494001.

చివరిదాన్ని, అంటే ఆ సంఖ్యనే, పక్కన పెట్టి మిగిలిన పదకొండూ కూడండి. 226719 వస్తుంది. సగం కూడా లేదు! ఇలా తక్కువ పడే సంఖ్యలే లోకంలో ఎక్కువ. 6 లాంటివి అరుదు. 1+2+3 = 6, సరిగ్గా సరిపోతుంది. 28 కూడా అంతే. వాటిని పరిపూర్ణ సంఖ్యలు అంటారు. మనది పరిపూర్ణ సంఖ్య కాదు. అయితే ఏం? మీరూ నేనూ కూడా కాదు.

ఇప్పుడు ఆ సంఖ్యను కూడా కలిపి కూడండి.

720720.

దీనికో దగ్గరి దారి ఉంది. (1+3+9) × (1+131) × (1+419). అంటే 13 × 132 × 420. ఆ 420ని చూసి నవ్వకండి! 1 నుంచి 7 దాకా ఉన్న సంఖ్యలన్నీ భాగించే అతి చిన్న సంఖ్య అదే. 419 పక్కన ఒక్క 1 చేరేసరికి ఎంత గుణం వచ్చిందో చూడండి.

మరి 720720? 1 నుంచి 16 దాకా అన్ని సంఖ్యలకూ అది క.సా.గు. స్కూల్లో మీరు విసుక్కుంటూ చేసిన క.సా.గు.! దానికి 240 కారణాంకాలు. దానికన్నా చిన్న ఏ సంఖ్యకూ అన్ని లేవు. శ్రీనివాస రామానుజన్ 1915లో ఇలాంటి సంఖ్యల మీదే ఒక పెద్ద పరిశోధనా వ్యాసం ప్రచురించారు. అందులోని పట్టికలో 720720 ఉంది.

ఏ ప్రత్యేకతా లేదనుకున్న ఒక పిన్‌కోడ్ ముక్కలన్నీ కలిపితే రామానుజన్ పట్టికలోకి చేరింది. ఎప్పుడు? తనను తాను లెక్కలో కలుపుకున్నప్పుడు.

మీ బలాల జాబితా ఇవాళే రాయండి. డిగ్రీ, భాషలు, అనుభవం, స్నేహితులు. అన్నీ రాశాక చివర్లో మీ పేరు రాయండి. మీ ఓర్పు, మీ సమయం, మీ మాట మీద నిలబడే గుణం. చాలామంది జాబితాల్లో లేనిది అదే. అందుకే మొత్తం తక్కువ పడుతోంది.

ఒక హెచ్చరిక. ఇందులో న్యూమరాలజీ లేదు. పేరులో అక్షరం మారిస్తే దశ తిరుగుతుందని నేను చెప్పను. ఏ సంఖ్యా అదృష్టాన్ని మోసుకురాదు. కాగితం మీద మీరు చేసిన భాగహారం మాత్రం మిమ్మల్ని మారుస్తుంది.

ఇది మన తాతల నాటి ఆట

సంఖ్యలతో ఇలా ఆడుకోవడం మనకు కొత్త కాదు. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు 'గణితసార సంగ్రహం' అనే సంస్కృత గ్రంథం రాశాడు. తర్వాత దాన్ని పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. లెక్కల పుస్తకం, అదీ పద్యాల్లో! లెక్కలు కష్టమని మన పెద్దలు దూరం పెట్టలేదు. కంఠస్థం చేసుకునేలా మలుచుకున్నారు.

మహావీరుడికి దండలాంటి సంఖ్యలంటే ముచ్చట. ఎటునుంచి చదివినా ఒకేలా ఉండేవి. ఆయన చూపిన ఒక గుణకారం ఇది:

27994681 × 441 = 12345654321.

ఎడమవైపు చూస్తే గజిబిజి. కుడివైపు చూస్తే పూలదండ. రహస్యం ఏమిటంటే, 441 అంటే 21 × 21. 27994681 అంటే 5291 × 5291. ఇక 21 × 5291 = 111111. ఆ ఆరు ఒకట్లను వాటితోనే గుణిస్తే దండ తయారవుతుంది. గజిబిజిగా కనబడే చోట ఒక క్రమం దాగి ఉండొచ్చు. విడదీసినవాడికే అది కనబడుతుంది.

మూడేళ్ల ఆదివారాలు

ఇప్పుడు న్యూయార్క్ వెళ్దాం. 1903 అక్టోబర్. అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ సమావేశం. ఫ్రాంక్ నెల్సన్ కోల్ అనే ప్రొఫెసర్ బోర్డు దగ్గరికి వెళ్లాడు. ఒక్క మాట మాట్లాడలేదని చెబుతారు. 2ని 67 సార్లు వేసి గుణించి, అందులోంచి 1 తీసేశాడు.

147573952589676412927.

బోర్డుకి ఇంకో వైపు 193707721ని 761838257287తో గుణించాడు. అదే సంఖ్య వచ్చింది. సుద్దముక్క పెట్టేసి వెళ్లి కూర్చున్నాడు. సభ చప్పట్లతో మారుమోగిందట.

ఈ సంఖ్య విడిపోతుందని లూకాస్ అనే ఫ్రెంచ్ గణితజ్ఞుడు 1876లోనే తేల్చాడు. కానీ ముక్కలు ఏవో ఎవరికీ తెలియదు. వాటిని పట్టుకోవడానికి ఎంతకాలం పట్టిందని కోల్‌ని అడిగితే, "మూడేళ్ల ఆదివారాలు" అన్నాడని గణిత లోకంలో ఒక కథ ఉంది.

ఆదివారాలు! ఉద్యోగం మానలేదు. కొండెక్కి తపస్సు చేయలేదు. వారానికి ఒక్క రోజు, అదే కుర్చీ, అదే సంఖ్య. మీకు టైమ్ లేదా? మీకూ వారానికి ఒక ఆదివారం ఉంది.

బస్తర్‌ని చూసి నేర్చుకోండి

బస్తర్ దసరా 75 రోజుల పండుగ. దంతేశ్వరీ అమ్మవారి పేరిట జరుగుతుంది. అందులో పెద్ద చెక్క రథం తయారుచేస్తారు. ఎవరు చేస్తారు? బేడా ఉమర్‌గావ్, ఝార్ ఉమర్‌గావ్ ఊళ్ల వడ్రంగులు, కమ్మర్లు. తరతరాలుగా అది వాళ్ల వంతు. మిగతా పనులకూ ఎవరి వంతు వాళ్లకుంది. ఎవరి భాగం వాళ్లు చేస్తారు, రథం కదులుతుంది.

డెబ్బై ఐదు రోజుల పండుగను ఒక్కరే మోయాలంటే కుప్పకూలిపోతారు. వంతులుగా పంచుకుంటే ఏటా జరుగుతుంది. మీ ఇంట్లో పెళ్లి పనులైనా, ఆఫీసులో ప్రాజెక్ట్ అయినా సూత్రం ఇదే. ముందు విడదీయండి. ఏ ముక్క ఎవరిదో చెప్పండి. తర్వాత వాళ్ల ముక్కలో వేలు పెట్టకండి.

ఈ మూడు పొరపాట్లు చేయకండి

1. వరస తప్పడం. 7 చూసి, విసుగొచ్చి 89కి దూకి, మళ్లీ 23కి రావడం. ఏది చూశారో ఏది చూడలేదో మీకే గుర్తుండదు. వారానికో కొత్త కోర్సు కొనేవాళ్లది ఈ జబ్బే. వరస మీదే నమ్మకం పెట్టండి.

2. గీత చెరిపేయడం. 234 దాకా అనుకుని 100 దగ్గర ఆపేయడం. జగదల్‌పూర్ జవాబు 131 దగ్గర ఉంది. 100 దగ్గర ఆగినవాడు "ఇది విడిపోదు" అని ఊరంతా చెబుతాడు. ఆరంభశూరుల సలహాలు ఇలాగే ఉంటాయి.

3. విడిపోనిదాన్ని కొడుతూ ఉండటం. కొన్ని సంఖ్యలు ప్రధానాలే. గీత దాకా నిజాయితీగా వెతికి దొరకకపోతే, ఆ సంఖ్య ఎలాంటిదో తెలిసినట్టే. అదీ ఒక జవాబే. తీసుకుని ముందుకు వెళ్లండి.

ఏడు రోజుల ప్లాన్

- సోమవారం: మీ పిన్‌కోడ్ రాయండి. దాని పక్కనే మీరు వాయిదా వేస్తున్న ఒక్క పెద్ద పని రాయండి. ఒకే ఒక్కటి.
- మంగళవారం: పిన్‌కోడ్‌ని 2, 3, 5, 9, 11తో పరీక్షించండి. మీ పనిలో అరగంటలో అయ్యే ముక్క ఒకటి పూర్తి చేయండి.
- బుధవారం: మిగిలిన సంఖ్యకు వర్గమూలం చూసి గీత గీయండి. మీ పనికి ఆఖరి తేదీ వేయండి.
- గురువారం: పది ప్రధాన సంఖ్యలతో భాగించండి. పనిలో ఒక ప్రయత్నం చేయండి. శేషాలు నోట్‌బుక్‌లో రాయండి.
- శుక్రవారం: ఇంకో పది. ఇంకో ప్రయత్నం. మూడ్ బాగోలేకపోయినా సరే.
- శనివారం: ఒకసారి పనిచేసిన పద్ధతిని మళ్లీ వాడండి. భద్రాచలం 11ని గుర్తు తెచ్చుకోండి.
- ఆదివారం: వారమంతా రాసిన "కాదు"లను చదవండి. అవి ఏయే దారులు మూశాయో చూడండి. వచ్చే వారానికి ఎంత పని తగ్గిందో మీకే తెలుస్తుంది.

మీ పిన్‌కోడ్ మరీ సులువుగా ఉంటే బస్తర్ నుంచే ఇంకో రెండు ఇస్తున్నాను. కాంకేర్: 494334. బీజాపూర్: 494444. బీజాపూర్ దగ్గర ముందు 4 పోతుంది, 123611 మిగులుతుంది. 47 దగ్గర శేషం 1 వచ్చి మిమ్మల్ని ఊరిస్తుంది. ఆగకండి. (జవాబులు చివర్లో ఉన్నాయి. ఇప్పుడే చూడకండి!)

ఇప్పుడు ఆ కాగితం చూడండి

మొదట్లో దాని మధ్యలో ఒక్క సంఖ్యే ఉంది. ఇప్పుడు కాగితం నిండా గీతలు, కొట్టివేతలు, శేషాలు. మీరు భయపడిన సంఖ్య కింద చిన్న వరస ఒకటి: 3, 3, 131, 419.

ఆ నాలుగింటిని ఇక ఎవరూ విడదీయలేరు. ఎవరు ఏ దారిలో మొదలుపెట్టినా అవే వస్తాయి. ముందు 419 కనిపెట్టినవాడికీ అవే, చివర కనిపెట్టినవాడికీ అవే. ఆలస్యంగా వచ్చారని జవాబు మారదు.

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని మన పెద్దలు భయపెట్టారు. కూర్చుని భాగించినా కరుగుతాయి! ఇవాళ మీరే ఒకటి కరిగించారు.

కాగితం తిప్పండి. వెనకవైపు ఖాళీగా ఉంది. మీ సొంత 494001 ఏమిటో అక్కడ రాయండి.

రాశారా? చివరి అంకె చూడండి. మొదలుపెట్టండి.

*జవాబులు: 494334 = 2 × 3 × 3 × 29 × 947. 494444 = 2 × 2 × 71 × 1741.*